హాల్మ్‌బెర్గ్ కోసం ఎవరూ పలకలేదు

బ్రెనోవ్ స్టేషన్, జనవరి 9

హాల్మ్‌బెర్గ్ స్టేషన్ పెట్టె ఈసారి కూడా రాలేదు. రైలు ఆగీ ఆగకముందే ఇల్దికో దూకి ఆ సంగతి చెప్పింది. ఇల్దికో మా రైలు గార్డు. ఊళ్లన్నిటి కబుర్లూ ఆమె నోట్లోనే ఉంటాయి. కొండ కనుమ పూర్తిగా మూసుకుపోయిందట, మంచు ఇంజను పొగగొట్టం ఎత్తున ఉందట.

"వసంతం దాకా ఆ దారి మర్చిపో" అంది, చేతి తొడుగులు దులుపుకుంటూ.

"అయ్యో పాపం" అన్నాను. లోపల మాత్రం పండగ చేసుకున్నాను.

ఈ డైరీ తెలుగులో రాసుకునేది ఇందుకే. ఈ స్టేషన్లో తెలుగు చదవగలిగినవాళ్లం ఇద్దరమే, నేనూ సువర్చలక్కా. అక్క చదివినా నాకు బెంగ లేదు. ఇందులో ఉన్న కోపంలో సగం ఆమెదే.

మిగతా రోజంతా మామూలే. సీసం పెట్టెలు దించాం. మూతలకు పట్టిన చెమ్మ తుడిచి, ఎవరి పెట్టె వాళ్ల విభాగానికి తోశాం. ఆకాశం పాడైన ఏడు నుంచి గాలిలో మాట నిలవదు, తీగలో వార్త నడవదు. యూనివర్సిటీల ప్రయోగాలూ పాఠాలూ లెక్కలూ అయస్కాంతపు టేపులకెక్కి, సీసం పెట్టెల్లో పడుకుని రైల్లోనే తిరుగుతాయి. ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి, అలా ఐరోపా అంతా తిరిగి మళ్లీ మొదటి స్టేషన్‌కి. కాగితాల మీద దీనికి నోరు తిరగని పేరొకటుంది. మేం చుట్టు అంటాం. బ్రెనోవ్‌లో చుట్టుకి అధికారిని నేను. అధికారి అనగానే కుర్చీ, గంట, బంట్రోతు అనుకునేరు. పెట్టె ఆలస్యమైతే తిట్లు తినే మనిషిని అధికారి అంటారు.

మెస్‌లో మళ్లీ టర్నిప్ సూప్. బార్లీకి తుప్పు తెగులు పట్టిన దగ్గర్నుంచి రొట్టె ఆదివారం సరుకైపోయింది.

జనవరి 12

కడుపులో ఉన్నదంతా ఒకసారి వరసగా రాసుకుంటే నిద్ర పడుతుందేమో చూస్తాను.

ఏ స్టేషన్ నుంచైనా వరసగా రెండు చుట్లు ప్రగతి నివేదిక రాకపోతే దాన్ని మూసెయ్యమని ఇంకో స్టేషన్ ప్రతిపాదించవచ్చు. ఆ పత్రం రైలెక్కి అన్ని స్టేషన్లూ తిరుగుతుంది. ఎవరైనా "మేం పలుకుతున్నాం" అని రాసి సంతకం పెడితే ఆగిపోతుంది. ఎవరూ రాయకుండా తిరిగొస్తే ఒప్పుకున్నట్టే లెక్క. దారి మూసుకుపోయి పత్రం అందని స్టేషన్ కూడా ఒప్పుకున్నట్టే లెక్క.

మరి ఒక్కరైనా పలకొచ్చు కదా అంటే, పలికినవాళ్లు ఆ స్టేషన్ని తమ ఇంట్లోకి తీసుకోవాలి. వాళ్ల మనుషులకి తిండీ పడకా, పెట్టెలకి చోటూ చూడాలి. దాని పెద్ద వచ్చి వీళ్ల కింద పనిచెయ్యాలి. మంచి మనసున్నవాళ్లు ఊరికే అడ్డుపడకుండా మాట వెనక బరువుండాలని పెట్టిన నియమమట. బరువైతే ఉంది. అందుకే ఎవరూ పలకరు.

నాలుగేళ్ల కిందట నేనూ అక్కా సాన్ లెరో దీవి స్టేషన్లో ఉండేవాళ్లం. అక్క తెగులు పట్టని బార్లీ కోసం అప్పటికే తొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. విమానాలు ఆగిపోయి ఇంటికి దారి లేకపోయిన ఏడు అందరూ ఏడుస్తుంటే, ఆమె మాత్రం "విత్తనాలు వేసే టైము కదే" అని పొలానికి వెళ్లింది. అలాంటి మనిషి. శీతాకాలంలో ఆ దీవికి పడవలుండవు. నివేదికలు రాసి కట్టి ఒడ్డున పెట్టుకుని కూర్చున్నాం. ప్రొఫెసర్ వెండెలిన్, హాల్మ్‌బెర్గ్ పెద్ద, చుట్టు మొత్తానికీ అధ్యక్షుడు, పడవలు ఆగి రెండు చుట్లు తప్పేదాకా కాచుకుని మూసివేత పత్రం పంపాడు. ఎవరూ పలకలేదు. వసంతంలో మొదటి పడవలో మాకొచ్చింది ఉత్తరం కాదు, పెట్టెలు పట్టుకుపోయే మనుషులు. పెట్టెలకి కరువు కనుక మూసిన స్టేషన్ పెట్టెలు తుడిచి పంచుకుంటారు. తొమ్మిదేళ్ల పని తుడిచేశామని తర్వాత కాగితం వచ్చింది.

అక్క ఈ ఊళ్లో పరిశోధనకి దరఖాస్తు పెట్టింది. అధ్యక్షుడి అనుమతి లేనిదే ఎక్కడా చేర్చుకోరు. "అనుకూలం కాదు" అని రాశాడు. ఇప్పుడామె చేసేది ఏం పనో తెలుసా? తుడుపు గదిలో అయస్కాంతం చక్రం తిప్పుతూ పాత పెట్టెలు ఖాళీ చెయ్యడం. తెగులేమో ఊరూరా పాకుతోంది. తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

హాల్మ్‌బెర్గ్ నివేదిక రాక మొన్నటి రైలుతో రెండు చుట్లు.

జనవరి 13

తుడుపు గదికి వెళ్లి చెప్పాను. అక్క చక్రం ఆపలేదు.

"వాళ్ల దారి మూసుకుపోయింది కాబట్టి పంపుతానంటావు."

"అవును."

"వాడు చేసిందే చేస్తానంటావు."

"అచ్చం అలాగే. కామా కూడా మార్చను."

అక్క ఒక్క నిమిషం ఆగి నుదురు తుడుచుకుంది. వద్దంటుందేమో, మనకీ వాడికీ తేడా ఏముందని క్లాసు పీకుతుందేమో అనుకున్నాను. జవాబులు కూడా తయారు చేసుకుని వెళ్లాను.

"మరి ఇంకా నిలబడ్డావేంటే? రైలు రేపు పొద్దున్నే కదా" అంది.

జనవరి 14

పంపాను. అధ్యక్షుడి స్టేషన్ మీదే మూసివేత పత్రం ఏంటని ఇల్దికో రెండుసార్లు చదివి నా మొహంలోకి చూసింది.

"నియమం అందరిదీ కదా" అన్నాను.

"నీ నవ్వు బాగోలేదు విశాలీ" అంది. కాగితం మాత్రం జాగ్రత్తగానే సంచిలో పెట్టుకుంది.

జనవరి 27

వార్త లేదు. గోళ్లు కొరుక్కుంటున్నాను.

ఫిబ్రవరి 8

పత్రం తిరిగొచ్చింది. ఖాళీగా!

ఇల్దికోని కూర్చోబెట్టి టీ పోసి ప్రతి స్టేషన్ సంగతీ చెప్పించుకున్నాను. ఒకాయన చదివి, "అక్కడ నలభై మంది ఉంటారు కదూ" అని అడిగి, తన పిండి బస్తాల వైపు చూసి కలం మూసేశాడట. ఒకావిడ ఏడేళ్లు వెండెలిన్ పక్కనే కూర్చున్న మనిషి, "ఎవరో ఒకరు పలుకుతార్లే" అందట. సముద్రపు చివరి స్టేషన్లో అసలు చదవనే లేదు, ముద్ర వేసి రైల్లో పడేశారు. నాకు పట్టరాని సంతోషం వేసింది. వీళ్లే మమ్మల్ని కూడా ఇలాగే చదవకుండా ముద్ర వేసి ఉంటారని గుర్తొచ్చాక ఆ సంతోషం కొంచెం చేదెక్కింది. అయినా సంతోషమే.

తిరిగొచ్చిన పత్రం పంపిన స్టేషన్ తలుపు మీద వారం రోజులు ఉండాలి. పలికినా పలకకపోయినా ఆఖరు మాట మాదే. ఆ తర్వాత సీలు వేస్తాం. అంటించాను. జిగురు దండిగా పూసి మరీ అంటించాను.

ఫిబ్రవరి 11

ఈ రోజు సంగతి నింపాదిగా రాయాలి.

మధ్యాహ్నం పెట్టెలు సర్దుతుంటే బయట అలికిడి. స్కీలు కట్టుకుని ముగ్గురు వచ్చారు. ఇద్దరు కుర్ర పరిశోధకులు, వాళ్ల మధ్య ఒక ముసలాయన, సాక్షాత్తూ వెండెలిన్. గడ్డం మంచుకి బిగుసుకుపోయింది. హాల్మ్‌బెర్గ్‌లో పిండి అయిపోయిందట. దగ్గర్లో రైలు తిరిగే స్టేషన్ మాదే కనుక కనుమ దాటి అడుక్కోవడానికి వచ్చారు. తలుపు తట్టబోయి ఆగిపోయాడు. తన స్టేషన్ మూసివేత పత్రం ముక్కుకి జానెడు దూరంలో ఉంది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. మొదట్నుంచి చివరిదాకా చదివాడు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. అలాంటిది ఈ జన్మలో మళ్లీ చూస్తానో లేదో అని తనివితీరా చూశాను.

లోపలికొచ్చి కూర్చున్నాడు. కుర్రాళ్లకి సూప్ పెట్టించాను. ఆయనకీ పెట్టించాను, చల్లారాక.

"కింద మీ సంతకం చూశాను" అన్నాడు.

"చూశారా? కనపడాలనే పెద్దగా పెట్టాను."

"మా దారి మూసుకుపోయిందని మీకు తెలుసు."

"పడవలుండవని మీకు తెలిసినట్టే."

సాన్ లెరో పేరు ఆయనే ఎత్తాడు. మర్చిపోయి ఉంటాడని నాలుగేళ్లుగా తిట్టుకున్నాను. మర్చిపోలేదు. పొలాలు ఏ గట్టున ఉండేవో కూడా చెప్పాడు. అది విన్నాక కోపం రెట్టింపైంది.

తర్వాత ముందుకు వంగి, బేరం చేసే గొంతుతో అన్నాడు. "మూసేస్తే మీకే నష్టం, మిస్ విశాలి. సువర్చల గారి బార్లీ నా దగ్గరుంది."

"తుడిచేశామని కాగితం వచ్చింది."

"తుడవలేదు. హాల్మ్‌బెర్గ్‌కి తెప్పించుకున్నాను. నాలుగేళ్లుగా నడిపిస్తున్నాం. తెగులు తట్టుకునే రకం వచ్చింది. విత్తనం బస్తాల్లో ఉంది, దాన్ని ఎలా పెంచాలో పెట్టెల్లో ఉంది. మీరు సీలు వేస్తే ఆ పెట్టెలు తుడిచేస్తారు."

"ఆ రకం పేరేంటి?"

ఆయన సూప్ వైపు చూశాడు.

"పేరు అడుగుతున్నాను."

"వెండెలిన్ బార్లీ."

పక్కన సీసం మూత ఉంది. రెండు చేతులతో ఎత్తితే గానీ లేవదు కాబట్టి బతికిపోయాడు. దొంగిలించడానికే మూయించాడన్నమాట! తెగులు గురించి కాదు, నివేదికల గురించి కాదు. ఒక మనిషి తొమ్మిదేళ్లు మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని చేసింది పేరు మార్చుకుని తినెయ్యడానికి.

లేచి తుడుపు గదికి పరిగెత్తాను. రొప్పుతూ మొత్తం చెప్పాను. అక్క చక్రం మీద చెయ్యి అలాగే ఉంచి వింది. అరుస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను.

"ఎన్ని తరాలు నిలిచిందటా?" అని అడిగింది.

"ఏంటీ?"

"విత్తనమే. ఎన్ని పంటల దాకా తెగులు రాలేదో అడిగావా?"

అడగలేదని చెప్తే విసుక్కుంది. తనే వెళ్లి తలుపు దగ్గర నిలబడి ఆయన్ని అడిగింది. నాలుగు, అన్నాడు ఆయన, లేచి నిలబడి. ఆమె తలూపి వెనక్కొచ్చేసింది. అంతే. ఇద్దరూ నిన్న మాట్లాడి ఇవాళ కొనసాగిస్తున్నట్టుంది.

గదిలోకొచ్చి, చక్రం మీదున్న పెట్టె దించి పక్కన పెట్టేసింది.

"బార్లీ ఒక్కటే తీసుకుని మిగతాది మూసేద్దాం అక్కా" అన్నాను.

"కుదరదు. మూస్తే మొత్తం పోతుంది, ఉంచితే మొత్తం ఉంటుంది."

"అయితే ఏం చెయ్యమంటావు? వాణ్ణి క్షమించెయ్యాలా? మనం పలికి, వాణ్ణి నెత్తిన పెట్టుకుని..."

"ఒసేయ్, నియమాలన్నీ నువ్వే అప్పజెప్తావు, అందులో ఉన్నదేంటో నీకే తెలియదు." నా భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. "మూసేస్తే ఏమవుతుంది వాడికి? ఏదో ఊళ్లో, ఎవరో శిష్యుడింట్లో కుర్చీ వేసుక్కూర్చుని, నాకు అన్యాయం జరిగిందని చచ్చేదాకా చెప్పుకుంటాడు. జనం అయ్యో అంటారు. అదే మనం పలికామనుకో, స్టేషన్ మనదవుతుంది. వాడికి స్టేషన్ లేదు కాబట్టి అధ్యక్ష పదవి ఉండదు. పెద్ద వచ్చి పలికినవాళ్ల కింద పనిచెయ్యాలి. ఎవరి కింద వెయ్యాలో నువ్వే కదా రాసేది?"

నాకు అప్పుడు వెలిగింది.

"అక్కా, నలభై మందికి రొట్టె ఎక్కణ్ణుంచి తేను?"

"టర్నిప్ ముక్కలు ఇంకా చిన్నగా తరుగు."

ఫిబ్రవరి 12

తలుపు మీది పత్రం కింద రాశాను. "హాల్మ్‌బెర్గ్ కోసం బ్రెనోవ్ పలుకుతోంది." సంతకం ఈసారి మామూలు సైజులోనే పెట్టాను.

వెండెలిన్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నా రెండు చేతులూ పట్టుకుని, మీరింత ఉదారంగా ఉంటారని అనుకోలేదన్నాడు. నిజంగానే దయ అనుకున్నాడు పాపం. చేతులు విడిపించుకుని ఆయన పని కాగితం ఇచ్చాను. విభాగం, బార్లీ. పై అధికారి, సువర్చల. చదువుతుండగా మొహంలో రంగు పోవడం కళ్లారా చూశాను.

అక్క వచ్చింది. ఆమెకి కూడా థాంక్స్ చెప్పబోయాడు.

"థాంక్స్ అక్కర్లేదండీ. పొద్దున్న ఎనిమిదింటికి రండి" అంది.

మార్చి 3

హాల్మ్‌బెర్గ్ వాళ్లంతా వచ్చేశారు. పెట్టెలూ విత్తనం బస్తాలూ మంచు బళ్ల మీద దింపుకున్నాం. మెస్‌లో నా మొహం చూస్తే మా వాళ్లు గరిటె చప్పుడు చేస్తున్నారు. ఆదివారం రొట్టె కూడా పోయింది మరి. తిట్టనీ. నన్ను తిట్టడం వాళ్ల హక్కు, నేను చేసింది వాళ్ల కడుపు మాడ్చే చేశాను. విత్తనం దక్షిణపు వాలులో చల్లాక అందరికీ అర్థమవుతుందని చెప్పాను. అర్థం కాకపోయినా చల్లక తప్పదు.

పొద్దున్న ఎనిమిదికి వెండెలిన్ వస్తాడు. అక్క ఎదురుగా కూర్చుంటుంది. నాలుగేళ్ల ఫైళ్లన్నీ ఒక్కొక్కటే తెరిచి, తన పేరున్న ప్రతిచోటా తన చేత్తోనే కొట్టేసి ఆమె పేరు రాస్తున్నాడు. ఒకేసారి అంతా మార్చే వీలుంది, కుర్రాళ్లు చేసిపెడతామన్నారు కూడా. అక్క వద్దంది. చెయ్యి నొప్పి పుడితే ఆగుతాడు. ఆమె నీళ్లిస్తుంది. మళ్లీ రాస్తాడు.

నేను పని కల్పించుకుని మరీ అటు వెళ్తున్నాను. నాకు జాలి వస్తుందేమోనని రోజూ చూసుకుంటున్నాను. రాలేదు.

మార్చి 19

వసంత సభ ఈ ఏడు బ్రెనోవ్‌లోనే. స్టేషన్ల పెద్దలంతా రైల్లో వచ్చి, ప్రగతి ఏంటో సవాళ్లేంటో చదువుతారు. హాల్మ్‌బెర్గ్, దాని పెట్టెల్లో కలిసిపోయిన సాన్ లెరో రెండూ ఇప్పుడు మా ఖాతాలో కనుక మేమే చదవాలి. ఎవరు చదవాలో మేమే తేల్చుకోవాలి. అక్క వెండెలిన్‌ని రాసుకు రమ్మంది.

తెచ్చాడు. "సాన్ లెరో సమాచారం విషయంలో కొన్ని లోపాలు చోటుచేసుకున్నాయి" అని ఉంది. మా సభల్లో అందరూ ఇలాగే రాస్తారు, ఇన్నేళ్లుగా చుట్టులో ఏ తప్పూ ఏ మనిషీ చెయ్యలేదు, అన్నీ వాటంతటవే చోటుచేసుకున్నాయి.

అక్క కాగితం తిరిగిచ్చేసింది. "ఎవరు చేశారో రాయండి. ఎవరెవరు చూస్తూ ఊరుకున్నారో వాళ్లనీ రాయండి."

"సభలో ఇది ఆనవాయితీ కాదు" అన్నాడు.

"తెలుసండీ" అంది అక్క.

ఏప్రిల్ 6

సభ అయింది. అయిందనుకోవచ్చో లేదో తెలియదు, నేను హాల్లోంచి ఇప్పుడే బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను.

సభలో పద్ధతి ఏంటంటే, నివేదిక చదివినవాళ్లు నిలబడే ఉండాలి. హాలంతా ఒక్క గొంతుతో "విన్నాం" అన్నాకే కూర్చోవాలి, తర్వాతి వాళ్లని పిలవాలి. ఏ ఒక్కరు వినలేదన్నా మళ్లీ చదవాలి. ఎప్పుడూ ఎవరూ వినలేదనరు. వింటే కదా తెలిసేది, సగం మంది కునుకు తీస్తుంటారు.

మా వంతు వచ్చింది. వెండెలిన్ లేచాడు. అధ్యక్షుడి కుర్చీ ఖాళీగా ఉంది, దాని పక్కనే నిలబడి చదవాల్సొచ్చింది. ముందు ప్రగతి చదివాడు. దక్షిణపు వాలులో సువర్చల బార్లీ మొలకెత్తింది, ఆకు మీద మచ్చ లేదు. జనం చప్పట్లు కొట్టారు. కాగితం తిప్పాడు. సవాళ్లు.

"సాన్ లెరో పడవలు ఆగేదాకా నేను కాచుకున్నాను" అని చదివాడు. "తెలిసే మూసివేత పత్రం పంపాను. సువర్చల తొమ్మిదేళ్ల పనిని తుడిచేశానని అబద్ధం రాసి, దొంగిలించి, నా పేరు పెట్టుకున్నాను. ఆమెను ఎక్కడా పని చేయనివ్వలేదు." కళ్లజోడు సర్దుకుని మిగతాది చదివాడు. ఆ రోజు పత్రం అందుకుని పలకని స్టేషన్ల పేర్లు, వాటి పెద్దల పేర్లు, ఒకటి తర్వాత ఒకటి. అందరూ అక్కడే కూర్చుని ఉన్నారు. కునుకు తీసేవాళ్లు ఒక్కరూ లేరు. ఒకావిడ తన చేతి సంచిలో ఏదో వెతకడం మొదలుపెట్టింది, చివరిదాకా వెతుకుతూనే ఉంది.

చదవడం అయిపోయింది. త్వరగా ఒడ్డెక్కుదామని అందరూ ఒక్కసారే నోరు తెరిచారు, "విన్నాం" అనడానికి.

అక్క లేచి నిలబడింది. మేం కూర్చున్నది మొదటి వరసలో, ఆయనకి రెండడుగుల దూరంలో. నాకు ప్రతి మాటా వినపడింది, ఆయన ఊపిరి కూడా వినపడింది.

"నాకు వినపడలేదండీ" అంది. "మళ్లీ చదవండి."

మళ్లీ చదివాడు. పేర్లన్నీ మళ్లీ చదివాడు. కాగితం చివరికొచ్చేసరికి తలెత్తి ఆమె వైపు చూశాడు. హాల్లో అందరూ ఆమె వైపే చూస్తున్నారు.

"వెనకవాళ్లకి కూడా వినపడినట్టు లేదు" అంది అక్క.

మూడోసారి చదువుతుండగా నేను బయటికొచ్చాను. మెట్ల మీదికి ఆయన గొంతు వినపడుతోంది. సాన్ లెరో, పడవలు, దొంగిలించి. తలుపు సందులోంచి చూశాను. అక్క ఇంకా కూర్చోలేదు.